ఎవరి బుట్ట తూచి మన కూలి కడుతున్నారు?

"ధరలు తగ్గినయట గదా పంతులూ, పేపర్ల రాసిండ్రట. ఏ దుకాణంల తగ్గినయో జెర చెప్పు, సంచి పట్టుకొని నేనే పోయొస్త."

2025 జులైలో మా వదిన అడిగిన ప్రశ్న ఇది. నాట్లేసి వచ్చి వాకిట్లో కాళ్ల బురద కడుక్కుంటూ అడిగింది. నా చేతిలో అప్పుడు అదే పేపరు ఉంది. జూన్ నెలలో తెలంగాణలో ద్రవ్యోల్బణం మైనస్ 0.93 శాతమట, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే మన దగ్గరే తక్కువట, పక్కన ఆంధ్రప్రదేశ్‌లో సున్నా అట. మా వాడలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పిల్లలకి శాతాలు చెప్పి బతికేవాణ్ణి. అయినా ఆ పూట వదినకి జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతికితే తేలిన సంగతులు మన వాడలన్నిటికీ సంబంధించినవి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందొక మాట. ఆ అంకె అబద్ధం కాదు. ప్రభుత్వం దొంగ లెక్కలు వేస్తోందని తిట్టేసి చేతులు దులుపుకోవడం మన కార్యకర్తలకి అలవాటైంది. దొంగ లెక్కని పట్టుకోవడం సులువు. నిజం లెక్కతోనే మన నోరు మూయిస్తున్నప్పుడు కష్టం.

ఇదే తెలంగాణ 2022 మే నెలలో 9.45 శాతంతో దేశంలో అన్నిటికంటే పైన ఉంది. మూడేళ్లలో మొదటి స్థానం నుంచి చివరి స్థానానికి దిగింది. బోర్డు మీద రాస్తే ఇలా ఉంటుంది. వంద రూపాయల సరుకు ఒక ఏడాదిలో నూట తొమ్మిదిన్నరకి ఎక్కింది. ఆ తర్వాతి ఏళ్లలో ఇంకొంత ఎక్కింది. చివరికి ఒక నెల లెక్క తీస్తే, నిరుటి ఇదే నెలకంటే నూటికి రూపాయి తక్కువ ఉంది. ఆ రూపాయి దిగినందుకు పేపర్లో పెద్దక్షరాల హెడ్డింగు. ఎక్కిన మెట్లు ఎక్కినట్టే ఉన్నాయి. ద్రవ్యోల్బణం తగ్గడం వేరు, ధర పాత చోటికి రావడం వేరు. ఈ తేడా చెప్పకుండా "ధరలు దిగివచ్చాయి" అని రాసే విలేకరికి నా క్లాసులో అయితే సున్నా మార్కులు వేస్తాను.

దిగింది ఏమిటో కూడా చూడాలి. 2025 జూన్‌లో దేశం మొత్తం మీద కూరగాయల ధరలు ఏడాది కిందటికంటే 19 శాతం, పప్పుల ధరలు 11 శాతం పైగా తగ్గాయి. అదే నెలలో నూనెలు 17 శాతం పైగా పెరిగాయి. కారణం వానా కాదు, ఎండా కాదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. నూనెగింజల రైతు కోసమని చెప్పింది. 2025 మే ఆఖరులో కొంత దించింది. ఆ మధ్యలో మన పొయ్యి మీద మూకుడు ఎలా కాలిందో అడిగినవాడు లేడు. 2025 ఏప్రిల్‌లో గ్యాస్ బండ మీద 50 రూపాయలు వేశారు. అంతకు ముందు ఏడాది జులైలో ప్రైవేటు సెల్‌ఫోన్ కంపెనీలు వరసగా రీచార్జి రేట్లు పెంచాయి. టమాటా తగ్గిందన్నారు, తగ్గింది. 2023 జులై, ఆగస్టుల్లో కిలో రెండొందల దరిదాపుకి పోయిన టమాటా తగ్గక ఏం చేస్తుంది? ఆ రెండు నెలలూ మా వాడలో చింతపండు పులుసుతోనే గడిచింది. ఆదివారం పెద్దకూర ధర ఏడాదిలో ఎంత పెరిగిందో ఏ పేపరైనా హెడ్డింగు పెట్టిందా?

ఇంకో విషయం. లెక్క రాసేవాళ్లు కిలో ధర, లీటరు ధర రాసుకుంటారు. మన ఆడవాళ్లు కిలో ఎన్నడు కొన్నారు? పది రూపాయల నూనె, ఐదు రూపాయల కారం, చిన్న పొట్లం చాయపత్తి. అవే చిన్న పొట్లాలన్నీ కలిపి కిలో చేసి చూడండి. కోమటి కొట్లో నెల సరుకు ఒకేసారి తెచ్చుకునే నాబోటి జీతగాడికంటే మా వదినే ఎక్కువ ధర కడుతుంది. పైగా ఉద్దెర. ఉద్దెర మనిషి బేరమాడదు, పాత బియ్యమా కొత్త బియ్యమా అని అడగదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములం. అన్న బడి మానేసి పాలేరు పనికి పోయాడు కాబట్టి నేను చదివాను. ధరలు పెరిగితే నాకు డీఏ వస్తుంది. దానికి లెక్క పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ. ధరలు పెరిగితే ఉపాధి పనిలో మా అన్న కూలి పెరగాలి. దానికి లెక్క వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచీ. రెండూ ఒకే సర్కారు లేబర్ బ్యూరో వేసేవే. ఏ ఇంట్లో ఏమేం కొంటారు, దేనికి ఎంత పోతుంది అని సర్వే చేసి ఒక బుట్ట తయారు చేస్తారు. నెలనెలా ఆ బుట్ట ధర కడతారు. అదే సూచీ.

నా బుట్టని 1960 తర్వాత 1982కి మార్చారు, మళ్లీ 2001కి, మళ్లీ 2016కి. 2020 నుంచి ఆ 2016 బుట్ట వాడుతున్నారు. అందులో తిండి వాటా 46 పాళ్ల నుంచి 39కి దిగింది, ఇంటి అద్దె వాటా పెరిగింది. ఉద్యోగి బతుకు మారిందని సర్కారు గుర్తించింది. మంచిదే. మరి అన్న బుట్ట? 1986-87 ఆధారంగా కట్టిన బుట్టని 2025 మే దాకా వాడారు. అందులో ఏమేం ఉండాలో తేల్చిన సర్వే ఇంకా వెనకది, 1983 నాటిది. ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం మొదలుపెట్టిన ఏడాది. అప్పుడు పుట్టిన పిల్ల ఇయ్యాల అమ్మమ్మ అయింది. ఆ బుట్టలో నూటికి 69 పాళ్లు తిండే. సెల్‌ఫోన్ లేదు. నీళ్ల క్యాను లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మా నల్లగొండ జిల్లాలో తాగే నీళ్లు కొనుక్కున్న కాలం ఎంత ఉందో అందరికీ తెలుసు. ఇంగ్లీషు మీడియం ఫీజు, మండలానికి ఆటో చార్జి, ఆరెంపీ డాక్టరు పెట్టే సెలైను, ఇవన్నీ కలిపి కూలి మనిషి డబ్బులో ఎంత తింటున్నాయో 1983 సర్వేకి ఎలా తెలుస్తుంది?

2025 జూన్ నుంచి 2019 ఆధారంగా కొత్త సూచీ మొదలుపెట్టారు. సంతోషించే లోపే తెలిసింది, దాని బుట్టకి వాడిన ఖర్చుల సర్వే 2011-12 నాటిదని. మార్చిన రోజుకే పదమూడేళ్ల పాతది.

తిండి వాటా ఎక్కువ ఉంటే తిండి ధరలు పెరిగినప్పుడు మనకే లాభం కదా అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కాగితం మీద నిజమే. 2022లో ఏమైందో చూడండి. ఏప్రిల్‌లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి కూలి 245 నుంచి 257 చేశారు. ఐదు శాతం కూడా కాదు. మరుసటి నెల ధరలు 9.45 శాతం మీద ఉన్నాయి. కూలి పెంపు ఏడాదికొక్కసారే, కాబట్టి మళ్లీ ఏప్రిల్ దాకా ఆగాల్సిందే. నాకు డీఏ ఏడాదికి రెండుసార్లు లెక్క. (అవి బకాయిపడి మూలుగుతాయి, అది వేరే గొడవ. బకాయి అంటే హక్కున్నట్టే కదా.) ధరలు ఎక్కేటప్పుడు కూలి వెనక పడుతుంది, కూరగాయలు దిగితే సూచీ వెంటనే పడుతుంది, ఆ వంకతో కూలి ఆగుతుంది. 2025 ఏప్రిల్‌లో 300 ని 307 చేశారు. ఏడు రూపాయలు! చాయ్ తాగి బీడీ ముట్టిస్తే అయిపోయే పెంపు.

ఈ సూచీ ముడి 2011 నుంచి ఉంది. అంతకు ముందు రాష్ట్రం వ్యవసాయ కనీస వేతనమే ఉపాధి కూలికి ఆధారం. 2009 జనవరిలో కేంద్రం ఆ ముడి తెంపి వంద రూపాయలకి బిగించింది. ఆ ఉత్తర్వుని అదే ఏడాది జులైలో మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నిలిపివేసింది. కరువు పనిలోనైనా సరే కనీస వేతనంకంటే తక్కువ ఇస్తే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు రాజస్థాన్ కేసులో 1983లోనే చెప్పింది. మళ్లీ అదే 1983. మన మేలు కోరే తీర్పు మూలన పడింది, మన బుట్ట మాత్రం నలభై ఏళ్లు నడిచింది. రాష్ట్ర కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకొమ్మని, గ్రామీణ కార్మికుల సూచీ వాడమని మహేంద్రదేవ్ కమిటీ 2014లో చెప్పింది. అదీ మూలకే.

ఇది చదివే పెత్తందారు ఒక మాట అంటాడు. అనే ఉంటాడు. "బియ్యం ఫ్రీ, కరెంటు ఫ్రీ, ఇంకా కూలి ఎందుకు పెంచాలె? తిని పంటున్నరు, పనికి రమ్మంటే రారు." అయ్యా, 2025 ఉగాది నుంచి ఇక్కడ మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, కాదనం. అది మా ఆడవాళ్ల ఓటు తెచ్చిన బియ్యం. కానీ ఉత్త అన్నం మెతుకులు ఎట్లా దిగుతాయి? బియ్యం ఇచ్చి కూర డబ్బు కోసుకుంటే అది దానం కాదు, చేతులు మార్చడం. నిజానికి పెత్తందారుకి బియ్యం మీద కోపం లేదు. ఇంట్లో గింజలున్న మనిషి పొద్దున్నే ఆయన గడప ముందు నిలబడదు, కూలి ఎంతని అడుగుతుంది. ఆ అడగడం మీద కోపం.

ఆ కోపానికి చట్టం కూడా తోడైంది. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చారు. వంద రోజుల్ని 125 అన్నారు. ఖర్చులో 40 పాళ్లు మనలాంటి రాష్ట్రాల నెత్తిన పెట్టారు. నాట్లు, కోతల కాలంలో మొత్తం 60 రోజుల దాకా పని ఆపొచ్చని రాసుకున్నారు. సరిగ్గా కూలి కోసం బేరమాడగలిగే రోజులవి. కూలి రేటు ప్రకటించే పెత్తనం మళ్లీ ఢిల్లీదే.

బాబాసాహెబ్‌ని మనం రాజ్యాంగం పుస్తకంతో, నీలం కోటుతో గుర్తు పెట్టుకున్నాం. 1923లో ఆయన లండన్‌లో అచ్చు వేయించిన పుస్తకం రూపాయి సమస్య మీద. రెండేళ్లకి హిల్టన్ యంగ్ కమిషన్ వచ్చినప్పుడు రూపాయి విలువ దించమని వ్యాపారులు గోల చేస్తే, ఆయన అడిగిన ప్రశ్న వేరు. విలువ దిగితే ధరలు పెరుగుతాయి, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, కాబట్టి వ్యాపారి లాభం కూలివాడి జేబులోంచే వస్తుంది అని ఆయన వాదన. ధరల లెక్క మనకెందుకు, అది ఎకనామిక్స్ వాళ్ల పని అనుకునే మన నాయకులు ఏప్రిల్ 14న దండ వేసేటప్పుడైనా ఇది గుర్తు చేసుకుంటే బాగుండు.

కూలి మనిషి ఖర్చుల సర్వే ఐదేళ్లకోసారి జరిపి బుట్ట మార్చాలని, పెంపు ఏడాదికి రెండుసార్లు ఉండాలని, ఏ సర్కారు పనిలోనూ రాష్ట్రం కనీస వేతనంకంటే పైసా తగ్గకూడదని మనం అడగాలి. అడగడానికి మన చేతిలో మన లెక్క ఉండాలి. అందుకే ఈ పత్రిక తరఫున ఒక పని మొదలుపెడుతున్నాం. ప్రతి వాడలో టెన్త్ చదివిన పిల్ల ఒకతి ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. వారానికొకసారి రాయాలి. పది రూపాయలకి నూనె ఎంత వచ్చింది, పెద్దకూర ఎంత, ఆటో ఎంత, ఆరెంపీ సూది ఎంత, రీచార్జి ఎంత. పక్కనే ఆ వారం దొరికిన పని రోజులు, ఆడకూలి, మొగకూలి వేరువేరుగా. తెలియనిది ఊహించి రాయొద్దు, ఖాళీ వదలండి.

మా వాడ పుస్తకంలో మొదటి పేజీ వదిన చెప్పింది, నేను రాశాను. నేను గీసిన గళ్లు చూసి ఇంకొకటి గీయమంది, దుకాణంల ఉద్దెర బాకీ ఎంతున్నదో రాయనీకి. మీరు కూడా ఆ గడి గీసుకోండి. నెల పేజీలు మరుసటి నెల ఐదో తారీకు లోపు మాకు అందేట్టు పంపండి. వచ్చినవి వచ్చినట్టు అచ్చు వేస్తాం.