నడక బుద్ధిలో లేదు, వీధిలో వుంది

జర్మనీలో మనవాళ్ళు నలుగురు కలిస్తే తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "వీళ్ళు నడుస్తారండీ. మనవాళ్ళకి పాలపాకెట్టుకి కూడా స్కూటరు కావాలి. అంతా క్రమశిక్షణ" అంటారు. స్వజాతి నింద వినడానికి ఎప్పుడూ సొంపుగానే వుంటుంది. అనేవాడిని వదిలేసి మిగతా అందరినీ తిడుతుంది గనక. కాని ఈ మాట శుద్ధ అబద్ధం.

రుజువుకి జర్మనీ దాటనక్కరలేదు. రెండు ఊళ్ళు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మాన్‌హైమ్‌కి 1606లో కోటగా పునాది పడింది. నడిబొడ్డంతా చదరంగపు బల్లలా చిన్న చిన్న గళ్ళు. అక్కడ చిరునామా వీధి పేరుతో చెప్పరు; గడికే ఒక అక్షరం, ఒక అంకె. కాస్త నడిస్తే మలుపు. ఒక దారి నచ్చకపోతే పక్క దారి. మనిషి నడవక ఏంచేస్తాడు?

వోల్ఫ్స్‌బుర్గ్ 1938లో కార్ల కర్మాగారం కోసం పుట్టింది. కర్మాగారం కాలవకి ఉత్తరాన, ఊరు దక్షిణాన, పేటకీ పేటకీ మధ్య అడవి. 1972లో చుట్టుపక్కల ఊళ్ళు కలుపుకున్నాక విస్తీర్ణం 204 చదరపు కిలోమీటర్లు. జనం లక్షా పాతికవేలకి అటూ ఇటూ. 1970ల చివర నడిమధ్య పోర్షె వీధిని పాదచారులకి వదిలారు. మంచిదే. కాని దూరపు పేటలవాడు బస్సో కారో ఎక్కి వచ్చి, దిగి, అప్పుడు నడక మొదలుపెట్టాలి! అక్కడా జర్మన్లే, ఇక్కడా జర్మన్లే. మరి క్రమశిక్షణ ఎక్కడికి పోయింది?

వీధి అందంగా వుంటే చాలునా? అదీ చాలదు. కాసెల్ పాత పట్నం 1943 అక్టోబరు 22 రాత్రి బాంబులకి నేలమట్టమైంది. మళ్ళీ కట్టినప్పుడు కార్లకి వెడల్పు రోడ్లు వేశారు, 1953లో నడిచేవాళ్ళ కోసమే ఒక మెట్లవీధినీ కట్టారు. దేశంలో అలా కొత్తగా కట్టిన వీధుల్లో అదే మొదటిదని పేరు. రైల్వేస్టేషను వైపునుంచి ఊళ్ళోకి దిగుతుందది. 1991లో దూరప్రయాణపు రైళ్ళు విల్‌హెల్మ్స్‌హోయె స్టేషనుకి మారిపోయాయి. మెట్లు అక్కడే వున్నాయి, దిగివచ్చే ప్రయాణికులు తగ్గారు. వీధికి రెండు కొసల్లోనూ మనిషికి పని వుండాలి.

ఇదంతా మనకెందుకంటారా? అమరావతి కోసం. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగి, మధ్యలో ఆగి, 2025 మే నెలలో పనులు తిరిగి మొదలైన మన రాజధాని విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. వోల్ఫ్స్‌బుర్గ్ కన్నా కాస్త పెద్దది. ఊరు నిండడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకూ జనం పలచగానే వుంటారు. అలాంటి ఊళ్ళో నడక బతకాలంటే వీధుల అల్లిక ముందే సరిగా వుండాలి.

గళ్ళు తప్పని నేననడం లేదు. మాన్‌హైమ్‌వీ గళ్ళే. తేడా గడి కొలతలో వుంది. ఒక లెక్క వేయండి. కిలోమీటరు గడి, లోపల అడ్డదారి లేదు. ఒక వైపు నడుమ ఇల్లు, ఎదుటి వైపు నడుమ బడి. పిల్లవాడు చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు నడవాలి. అదే గడిని నూరేసి మీటర్లకొక సందుతో కోస్తే దూరం పదకొండు వందల మీటర్లకి మించదు. అదే ఇల్లు, అదే బడి, అదే పిల్లవాడు!

"మన ఎండల్లో ఎవడు నడుస్తాడు?" అని పెద్దమనుషుల ఆక్షేపణ. విజయవాడ వన్‌టౌన్‌లో నడుస్తున్నవాళ్ళ మీద కాసేది వెన్నెలా? ఇరుకు వీధిలో మేడల నీడైనా దొరుకుతుంది. చెట్టు లేని ఆరువరసల రోడ్డు పక్కన అదీ దొరకదు. "అంబులెన్సు ఎలా పోతుంది?" అని ఇంకొకరు. పెద్ద రోడ్డు మీద పోతుంది. పెద్ద రోడ్లు వద్దనలేదు. వాటి మధ్య సందులు కావాలంటున్నాం. తుళ్ళూరు, మందడం వీధులు కొత్త రోడ్ల నడుమ లంకల్లా మిగలకుండా ఊరితో కలవాలంటున్నాం.

మన రాష్ట్రపు మంత్రులూ అధికారులూ పెట్టుబడుల కోసం జర్మనీ వస్తూంటారు. దండలు వేసి ఫోటోలు దిగడం మనకి బాగా వచ్చు. ఈసారి వచ్చినవాళ్ళకి ఆటోబాన్ కాదు, మాన్‌హైమ్ గళ్ళు చూపిద్దాం, కాలినడకన. చూపించి ఒక్క ప్రశ్న అడుగుదాం: మీ గడిలో నడిచేవాడికి దారులెన్ని?