అడుగులు మావి, లెక్క ఎవరిది?

పులి ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి దాని మెడకు రేడియో కాలర్ కడతారు. ఆ పులికి కాపలా కాసే మనిషి ఎటు తిరుగుతున్నాడో తెలుసుకోవడానికి అతని జేబులో జీపీఎస్ ఫోను పెడతారు. దేశంలోని టైగర్ రిజర్వుల కోసం 2010లో మొదలైన ఈ పద్ధతి పేరు ఎం-స్ట్రైప్స్. ఉపగ్రహాల రేడియో సంకేతాలను ఫోను పట్టుకుంటుంది. గస్తీ ఎక్కడ మొదలైంది, ఏ దారిన సాగింది, ఎన్ని కిలోమీటర్లు, అన్నీ ఒక గీతగా ఆఫీసు తెర మీదికి చేరతాయి.

యంత్రం మీద మాకు కోపం లేదు. ఉచ్చులు ఎక్కడ దొరికాయో, ఏ వైపు గస్తీ పలచబడిందో దానివల్ల తెలుస్తుంది. మా తగవంతా ఆ గీత ఎవరి చేతిలో ఉందన్నదే.

నల్లమల బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవారిలో చెంచులు ఎందరో ఉన్నారు. అడుగుజాడ చూసి పులి ఎప్పుడు పోయిందో చెప్పగలిగినవాళ్లు. వాగు పక్కన గంటసేపు కదలకుండా కూర్చుని చెవి ఒగ్గడం గస్తీలో పెద్ద పని. తెర మీద అది కదలని చుక్క. చుక్క కదల్లేదు కాబట్టి మనిషి నిద్రపోయాడనుకునేవారికి అడవి గురించి ఏం తెలుసు? లోతైన లోయల్లో సంకేతం తప్పి గీత తెగుతుంది, నడక తెగదు. సిగ్నల్ లేని చోట కూడా ఆ ఫోను గీత గీస్తూనే ఉంటుంది గానీ, పాము కరిస్తే కబురు మాత్రం అందించలేదు!

ఇంకో మాట. అడుగడుగూ నమోదవుతున్నప్పుడు జీతం నెలల తరబడి ఎందుకు ఆగాలి? పని చేసినట్టు రుజువేదని ఇక ఎవరూ అడగలేరు కదా.

అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. హక్కుల క్లెయిముల్లో ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలో నిలవకూడదని 2012 సవరణ నిబంధనలు చెప్పాయి. భూమికి వర్తించే న్యాయం మనిషి నడకకు వర్తించదా? గీత చూసి వాచర్‌ను తప్పుపట్టే ముందు అతని మాట, తోటివారి మాట వినాలి. అతని గీత నకలు నెలనెలా అతనికి ఇవ్వాలి. గస్తీ దారులు నిర్ణయించేటప్పుడు గ్రామసభను పిలవాలి.

పటాలు బయటపడితే వేటగాళ్లకు దొరుకుతాయంటారు. బజారులో అంటించమని మేమడగడం లేదు. నడిచినవాడికి తాను నడిచిన దారి రహస్యమా?

ఉపాధ్యాయ మిత్రులారా, పటం పాఠం వచ్చినప్పుడు మన ఊరి అడవి పటమే బల్ల మీద పరచండి. చెలమల పేర్లు, గుట్టల పేర్లు పెద్దలను అడిగి పిల్లలచేత దాని మీద రాయించండి. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, క్యాంపు నుంచి అన్న ఇంటికొచ్చినప్పుడు ఆ ఫోను అడిగి తీసుకోండి. అందులోని గీత ఏమిటో, ఎక్కడ తెగిందో అతనికి చదివి చెప్పండి. ఎందుకు తెగిందో అతను చెబుతాడు, తేదీ వేసి రాసిపెట్టండి.