కోడ్ చూసి సెన్సర్ మార్చితే సరిపోతుందా?

కారు డ్యాష్‌బోర్డుపై ‘చెక్ ఇంజన్’ లైటు వెలుగుతుంది. గ్యారేజీలో స్కానర్ తగిలిస్తే పీ0325 అనే కోడ్ కనిపిస్తుంది. ‘నాక్ సెన్సర్ పోయింది, మార్చాలి’ అనే తీర్పు వెంటనే వచ్చేస్తుంది. కొత్త సెన్సర్ వేశాక కూడా అదే లైటు మళ్లీ వెలిగితే, ఏమీ కొలవకుండా ఇచ్చిన ఆ తీర్పునే ముందుగా అనుమానించాలి.

ఆ కోడ్‌కు అర్థం ‘మొదటి నాక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం’ అని మాత్రమే. సెన్సర్, దాని కనెక్టర్, వైర్లు, వాటి చుట్టూ ఉండే షీల్డు, చివర ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూ... ఇవన్నీ కలిస్తేనే సర్క్యూట్.

పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ రగిలించిన మంట సిలిండరంతా క్రమంగా పాకాలి. మంట చేరకముందే మిగిలిన ఇంధన మిశ్రమం వేడికి, పీడనానికి తనంతట తానే భగ్గుమంటే అది నాకింగ్. అప్పుడు ఇంజన్ బ్లాక్‌లో సెకనుకు కొన్ని వేల కంపనాలు పుడతాయి. బ్లాక్‌కు బిగించిన సెన్సర్‌లోని పీజో ఎలక్ట్రిక్ పదార్థం వాటిని చిన్న వోల్టేజీగా మారుస్తుంది. ఒత్తిడికి విద్యుదావేశం పుట్టే ఈ గుణాన్ని 1880లో జాక్, పియరీ క్యూరీ సోదరులు స్ఫటికాల్లో కనుగొన్నారు. నాకింగ్ సంకేతం అందగానే ఈసీయూ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. సర్క్యూట్‌నే నమ్మలేని పరిస్థితిలో ముందుజాగ్రత్తగా ఆ ఆలస్యాన్ని కొనసాగిస్తుంది. పికప్, మైలేజీ తగ్గేది అందుకే.

సంకేతం చిన్నది కాబట్టి చిన్న లోపం కూడా దాన్ని చెడగొడుతుంది. కనెక్టర్ పిన్నులకు పట్టిన చిలుము, ఎలుకలు కొరికిన వైరు, తెగిన షీల్డు, సరిగా బిగించని బోల్టు... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అందుకే ముందు కంటితో పరిశీలించాలి. తర్వాత ఇగ్నిషన్ ఆపి, రెండు వైపులా కనెక్టర్లు తీసి, వైరు ఎక్కడైనా తెగిందా, బాడీకి షార్ట్ అయిందా అని మల్టీమీటర్‌తో చూడాలి. సెన్సర్ నిరోధాన్ని ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని విలువతో పోల్చాలి. కొన్ని సెన్సర్లలో లోపలే రెసిస్టర్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కాబట్టి మాన్యువల్ లేకుండా మీటరు చూపే అంకెకు అర్థం లేదు. అనుమానం తీరకపోతే, సెన్సర్ దగ్గర బ్లాక్‌పై మెల్లగా తట్టి సంకేతం వస్తోందేమో ఓసిలోస్కోప్‌లో చూడవచ్చు.

ఇన్ని పరీక్షలకు సమయం ఎక్కడిదని మెకానిక్ అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కొత్త భాగానికి మారుమాట్లాడకుండా డబ్బిచ్చే యజమానే, గంటసేపు వెతికి వైరు అతికించినందుకు మజూరీ అడిగితే బేరమాడతాడు. వెతకడమూ పనేనని, దానికీ విలువ కట్టాలని వినియోగదారులు గుర్తించాలి.

మాన్యువల్ అందుబాటులో లేకపోవడం మరో అడ్డంకి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పరిధిలో వాహనాలు కూడా ఉన్నాయి. ప్రతి మోడల్ వైరింగ్ చిత్రాలు, సెన్సర్ విలువలు వీధి చివరి మెకానిక్‌కు సైతం దొరికేలా కంపెనీలు చూడాలి. ఐటీఐల్లో కోడ్ చదవడంతో పాటు దాన్ని శంకించడమూ నేర్పాలి.

ఈలోగా కారు యజమాని చేయగలిగింది ఒకటుంది. ‘సెన్సర్ మార్చాలి’ అని చెప్పినప్పుడు ‘రీడింగ్ ఎంత వచ్చింది? ఎంత రావాలి?’ అని అడగడం.