ఫీజు తక్కువ, క్యూ పొడవు

అమెరికాలో ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది. "కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల హెల్త్ కోర్సు చేస్తే ఎంతొస్తుందండీ?" అడిగేది ఎక్కువగా ఇండియాలో బీటెక్కో ఎమ్మెస్సీయో చేసి, పెళ్లయ్యాక హెచ్4 వీసా మీద వెళ్లి, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక తమకంటూ ఒక సంపాదన కావాలనుకునే అమ్మాయిలు. మంచి ప్రశ్నే. కాకపోతే ఎంతొస్తుందని అడిగే ముందు, ఏ కోర్సు అని అడగాలి.

ఈ కోర్సులు చేసినవాళ్లందరినీ అలైడ్ హెల్త్ అని ఒకే గాటన కట్టేస్తారు గానీ, జీతాల్లో రెట్టింపు తేడా ఉంది. అమెరికా కార్మిక శాఖ 2023 లెక్కల ప్రకారం పళ్లు శుభ్రం చేసే డెంటల్ హైజీనిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 87 వేల డాలర్ల పైన. రెస్పిరేటరీ థెరపిస్టులకు దాదాపు 78 వేలు, ఎక్స్‌రే, ఎంఆర్ఐ టెక్నాలజిస్టులకు 76 వేలు. డాక్టరు వచ్చేలోగా బీపీ చూసి వివరాలు రాసుకునే మెడికల్ అసిస్టెంటుకు 42 వేలే.

ఖర్చు దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో స్థానికులకు ట్యూషన్ సగటున ఏడాదికి 4 వేల డాలర్లు. కాలిఫోర్నియాలో యూనిట్‌కు 46 డాలర్లే. మంచి జీతాల కోర్సులు ఈ చవక కాలేజీల్లోనే దొరుకుతాయి. ఎడిసన్‌లోని మిడిల్‌సెక్స్ కాలేజీలో డెంటల్ హైజీన్, ఎక్స్‌రే పని నేర్పే రేడియోగ్రఫీ ఉన్నాయి. ఫ్రిస్కో చుట్టుపక్కల వాళ్లకు కాలిన్ కాలేజీలో డెంటల్ హైజీన్, రెస్పిరేటరీ కేర్ ఉన్నాయి. మెడికల్ అసిస్టెంటు కోర్సుకేమో, ప్రకటనలతో ఊదరగొట్టే లాభాపేక్ష కాలేజీలు దీనికి ఎన్నో రెట్లు గుంజుతాయి. తక్కువ జీతపు చదువుకే ఎక్కువ ధర!

కారణం, ఆ చవక కాలేజీల్లో కరువు డబ్బుకు కాదు, సీట్లకు. రేడియోగ్రఫీ లాంటి కోర్సుల్లో విద్యార్థి ఆసుపత్రిలో ఒక టెక్నాలజిస్టు పక్కన నిలబడి, నిజమైన రోగుల మీద పని నేర్చుకోవాలి. ఆసుపత్రులు ఎంతమందికి చోటివ్వగలవో అన్నే సీట్లు. అనాటమీ, ఫిజియాలజీ లాంటి సబ్జెక్టులు ముందే పూర్తిచేసి, మంచి గ్రేడ్లు తెచ్చుకుని, అప్పుడు దరఖాస్తు పెట్టాలి. రెండేళ్ల కోర్సు ఇలా మూడేళ్లో నాలుగేళ్లో అవుతుంది. రోగుల మీద పని నేర్చుకునే ఆ క్లినికల్స్‌కు సాధారణంగా జీతం ఉండదు, ఆ రోజుల్లో మరో ఉద్యోగమూ కుదరదు. గంటకు 15 డాలర్ల పని ఉన్న మనిషి దాన్ని రెండేళ్లు వదులుకుంటే 60 వేలు పోయినట్టు. దాని ముందు ఫీజు ఏపాటి?

మన బుర్రలు వేరే లెక్కకు అలవాటు పడ్డాయి. కన్వీనర్ కోటాలో రాకపోతే బీ కేటగిరీలో కొంటాం. ఎలా చేరినా చేతికొచ్చే డిగ్రీ ఒకటే కాబట్టి మన దగ్గర అది చెల్లింది. వెంటనే సీటిచ్చే కాలేజీని చూడగానే అక్కడా అదే ఊపు. ఎవరెస్ట్ పేరుతో మెడికల్ అసిస్టెంటు కోర్సులు నడిపిన కొరింథియన్ సంస్థ 2015లో మూతపడింది. 2022లో అమెరికా ప్రభుత్వం దాని పాత విద్యార్థులు 5 లక్షల 60 వేల మందికి 580 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేయాల్సి వచ్చింది. ప్రైవేటు కాలేజీలన్నీ అలాంటివని అనను. చేరేముందు మాత్రం గుర్తింపు ఎవరిచ్చారు, లైసెన్సు పరీక్ష మొదటిసారే ఎంతమంది పాసయ్యారు అని అడగాలి. రేడియోగ్రఫీ కోర్సులకు గుర్తింపునిచ్చే జేఆర్‌సీఈఆర్‌టీ ఆమోదమున్న కాలేజీ ఆ అంకెలు బయటపెట్టి తీరాలి. నసిగితే లేచి వచ్చేయడమే.

మన వాళ్ల విషయంలో అన్నిటికన్నా పెద్ద పద్దు వీసా. హెచ్4 మీద చదువుకోవచ్చు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ అనే పని అనుమతి పత్రం కావాలి. 2015 నుంచి అది హెచ్4 వాళ్లకు దొరుకుతున్నా, సాధారణంగా భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం పొంది ఉండాలి. ఫెడరల్ గ్రాంట్లు రావు. స్థానికుల ఫీజు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఈఏడీ చేతిలో ఉంటే నా దృష్టిలో ఇంతకన్నా లాభసాటి చదువు అక్కడ అరుదు. లేకపోతే వదులుకునే జీతం ఎలాగూ ఉండదు, చదివాక వచ్చే జీతమూ ఉండదు.

ఇక్కణ్నుంచి ఎఫ్1 విద్యార్థి వీసా మీద నేరుగా ఈ కోర్సుకే వెళ్దామనుకునే పిల్లలకైతే వద్దనే చెబుతాను. ఫీజు పరాయివాళ్ల రేటు. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ ఒక్క ఏడాదే. హెచ్1బీకి బ్యాచిలర్ డిగ్రీ అవసరమైన ఉద్యోగం కావాలి, ఇవేమో రెండేళ్ల డిగ్రీతో చేసేవి. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు.

బీటెక్ చేసి ఒకరి పళ్లు శుభ్రం చేయడమా అనే చుట్టాలు ఉండనే ఉంటారు. వాళ్లను పట్టించుకోనక్కర్లేదు. మణికట్టు, భుజం నొప్పులు, ఆసుపత్రిలో అయితే రాత్రి డ్యూటీలు, ఇవి మాత్రం పట్టించుకోవాలి. పైగా పదేళ్లు చేసినా జీతం సాఫ్ట్‌వేర్‌లోలా ఎగబాకదు.

ఈఏడీ వచ్చేలోగా అనాటమీ, ఫిజియాలజీ కానిచ్చేద్దామనుకునేవాళ్లు కాలేజీలో ఒక మాట కనుక్కోండి. సైన్సు సబ్జెక్టులు అయిదేళ్లు దాటితే చాలా కాలేజీలు మళ్లీ చదవమంటాయి.