చెక్కకు తెలిసిన లెక్క

పాత వీడియో గేమ్ పార్లర్లు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. 1990లలో మన పట్టణాల్లో సినిమాహాళ్ళ పక్కన, బస్టాండు సందుల్లో అవి కనిపించేవి. నిలువెత్తు చెక్కపెట్టె, అందులో టీవీ తెర, తెర ముందు వాలుగా ఒక పలక, ఆ పలక మీద జాయ్‌స్టిక్ అనే చిన్న కర్ర, నాలుగైదు రంగు బటన్లు ఉండేవి. పిల్లలు ఆ పెట్టె చుట్టూ మూగేవారు. పెట్టెను ఎవరు చేశారని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

ఈ యంత్రం మొదటినుంచీ సగం ఎలక్ట్రానిక్స్, సగం వడ్రంగం. 1972లో అమెరికాలోని కాలిఫోర్నియాలో అటారీ అనే కొత్త కంపెనీ 'పాంగ్' అనే ఆటను తయారుచేసింది. ఆల్ ఆల్‌కార్న్ అనే యువ ఇంజనీరు దుకాణంలో కొన్న మామూలు హిటాచీ టీవీని నాలుగడుగుల చెక్కపెట్టెలో బిగించి నమూనా యంత్రం చేశాడు. దాన్ని సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బారులో పెట్టారు. కొద్దిరోజులకే అది ఆగిపోయింది. తెరిచి చూస్తే నాణేలు నిండిపోయి ఉన్నాయట! తరవాత 1978లో 'స్పేస్ ఇన్వేడర్స్', 1980లో 'ప్యాక్‌మ్యాన్' జపాన్ నుంచి వచ్చాయి. 1997లో నికోలా సాల్మోరియా అనే ఇటలీ దేశస్థుడు 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. దానితో ఆ పాత ఆటలను ఇంట్లోని కంప్యూటరు మీదనే ఆడే వీలు కలిగింది. అప్పటినుంచి అమెరికాలోనూ ఐరోపాలోనూ ఎందరో ఉద్యోగస్థులు తమ చిన్ననాటి ఆటపెట్టెను సొంత చేతులతో ఇంట్లో చేసుకోవాలని పూనుకున్నారు. ఇటువంటి వారిని ఔత్సాహికులు అంటాం. అంటే పొట్టకూటికోసం కాక, ఇష్టంకొద్దీ పనిచేసేవారు.

వీరిలో చాలామందికి కంప్యూటరు బాగా తెలుసు. ఆట నడిపించడం ఒక సాయంత్రం పని. పెట్టె మాత్రం నెలలు పడుతుంది. ఎందుకో చూద్దాం.

పని చెక్క తేవడంతో మొదలవుతుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎం.డి.ఎఫ్. పలక సుమారు 40 కిలోల బరువుంటుంది. చెక్కపీచును జిగురుతో కలిపి వేడిమీద ఒత్తి చేసిన పలక అది. ఒక్కడే మోసుకొని మేడ ఎక్కించలేడు. ఇక కోత. దాని వెడల్పు 1,220 మిల్లీమీటర్లు. దానినుంచి 305 మిల్లీమీటర్ల చొప్పున నాలుగు ముక్కలు వస్తాయని కాగితం మీద భాగహారం చేసుకుంటాడు. లెక్క సరిగానే ఉంది కదా! కాని మూడుసార్లు కోయాలి. కోసిన ప్రతిసారీ మిషన్ రంపం దాదాపు 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టుచేస్తుంది. నాలుగో ముక్క 296 మిల్లీమీటర్లే మిగులుతుంది. రంపం పళ్ళకూ మందం ఉంటుందని భాగహారం చెప్పదు. వడ్రంగి పక్కన పనిచేసే కుర్రవాడికి ఈ సంగతి మొదటి వారంలోనే తెలుస్తుంది.

మరొక చిక్కు. పెట్టె బయటి వెడల్పు 600 మిల్లీమీటర్లు ఉండాలనుకోండి. లోపలి అర ఎంత వెడల్పు ఉండాలి? మీరే చెప్పండి. 600 అని తొందరపడితే అర లోపల పట్టదు. రెండు పక్కపలకల మందం, అంటే 36 మిల్లీమీటర్లు తీసివేస్తే 564 వస్తుంది. ఇది మూడో తరగతి తీసివేతే. అయినా కొత్తవారు చాలామంది ఇక్కడే తప్పుతారు, ఎందుకంటే వారికి గీతలు గీయడం తెలుసు, గీతకు మందం ఉండడం అలవాటు లేదు.

పక్కపలకలు రెండూ వంపులు తిరిగి ఉంటాయి, రెండూ అచ్చం ఒకేలా ఉండాలి. వంపు కోసే జిగ్‌సా మిషను బ్లేడు సన్ననిది. మందమైన పలకలో తొందరపెడితే వంగుతుంది. పైన గీత వెంబడే పోతున్నట్టుంటుంది, కింద పక్కకు పోతుంది. అనుభవం ఉన్నవాడు గీతకు కాస్త బయటగా కోసి, రెండు పలకలనూ జతచేసి బిగించి, అంచులు ఒకేసారి సాపు చేస్తాడు. అప్పుడు తప్పు జరిగినా రెండింటిలో ఒకే తప్పు జరుగుతుంది, కంటికి కనిపించదు. నాకు ఇందులో గొప్ప తెలివి కనిపిస్తుంది. తప్పే జరగదని ధీమాగా ఉండకుండా, జరిగినా నష్టం లేకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం అది.

బిగింపు దగ్గర ఇంకో పరీక్ష. ఎం.డి.ఎఫ్. పలక అంచులోకి మరమేకు నేరుగా దిగగొడితే పలక రెండుగా చీలుతుంది. ముందు సన్నని బెజ్జం వేయాలి. బటన్ల కోసం 28 లేక 30 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసేటప్పుడు కింద పనికిరాని చెక్కముక్క ఒకటి పెట్టుకోవాలి, లేకపోతే అడుగువైపు పెచ్చులు లేస్తాయి. పొడి చాలా సన్నగా ఉంటుంది, ముక్కుకు మాస్కు తప్పదు. లోపల పాతకాలపు గాజు టీవీ పెట్టేవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: కరెంటు తీసివేసిన తరవాత కూడా అందులో ప్రాణాపాయమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. తెలియనివారు దాన్ని తెరవకూడదు.

ఇవన్నీ అయ్యాక పెట్టె నిలబెడితే ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మూలలు లంబకోణంలో లేవన్నమాట. వడ్రంగి మూలమట్టంతో చూసుకుంటాడు. పెద్ద చట్రం ఐతే ఒక మూలనుంచి ఎదురు మూలకు టేపు పెట్టి రెండు కర్ణాలూ కొలుస్తాడు. రెండూ సమానమైతే చట్రం సరిగా ఉంది. గదిమూల చూడవలసివస్తే ఒక గోడ మీద 30 సెంటీమీటర్లు, రెండో గోడ మీద 40 గుర్తుపెట్టి, ఏటవాలు దూరం 50 వచ్చిందా అని చూస్తాడు. గణితపాఠంలో పైథాగరస్ సిద్ధాంతం అని మీరు చదివేది ఇదే. ఒక టేపు తీసుకొని మీ ఇంటి తలుపుచట్రం కర్ణాలు కొలిచి చూడండి.

ఇంత తంటా ఎందుకు, వడ్రంగికి అప్పగిస్తే రెండుమూడు రోజుల్లో చేసిపెట్టడా అని మీరు అడగవచ్చు. చేసిపెడతాడు. పనిముట్ల ఖరీదు, పాడైన పలకల ఖరీదు కలిపితే సొంతంగా చేసుకోవడంలో ఆదా కూడా ఏమీ లేదు. అయినా ఈ సరదాను నేను తప్పుపట్టను. చదువుకున్న మనిషి తన చదువు చాలని చోటు ఒకటుందని తెలుసుకునే అవకాశం అది. నన్ను ఇబ్బందిపెట్టే సంగతి వేరే ఉంది.

ఔత్సాహికుడు పలక పాడుచేస్తే అది స్నేహితులకు చెప్పుకొని నవ్వుకునే కథ అవుతుంది. అతని ఓపికను అందరూ మెచ్చుకుంటారు. అదే పలకను కూలికి వచ్చిన వడ్రంగి పాడుచేస్తే ఆ ఖరీదు అతని కూలిలోంచి పోతుంది. పొరపాటు ఒకటే, చెల్లించేవాడు వేరు. ఇంట్లో ఆటపెట్టె చేయబోయి మూడు పలకలు పారేసిన పెద్దమనిషే, తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగితో రోజుకూలి దగ్గర బేరమాడడం మనం చూడనిది కాదు. ఆ కూలిలో రంపం మందం లెక్క ఉంది, కర్ణాల లెక్క ఉంది, అవి నేర్చుకోవడానికి పట్టిన ఏళ్ళు ఉన్నాయి. వాటికి సర్టిఫికెట్ లేదు కనుక ధర కూడా లేదన్నట్టు మాట్లాడతాం.

చేతిపని ద్వారానే చదువు నేర్పాలని గాంధీజీ 1937లో వార్ధా సమావేశంలో ప్రతిపాదించారు. జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రూపొందించింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం బడిలో భాగం కావాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పదిరోజులు వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులవంటి వారి దగ్గర గడపాలని చెప్పింది. మంచిదే. కాని పదిరోజుల్లో చిత్రిక పట్టడం కూడా రాదు. పైగా ఆ పదిరోజులూ వడ్రంగికి ఉపాధ్యాయుడి జీతం ఇస్తారా, లేక శాలువా కప్పి పంపిస్తారా అన్నది చూడాలి. జీతం ఇచ్చినప్పుడే అతని విద్యను విద్యగా ఒప్పుకున్నట్టు అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు, కారణాలతో వాదించండి.

ఈ పుస్తకం చదువుతున్నవారిలో వడ్రంగం, తాపీపని, కుట్టుపని చేస్తూ చదువుకునేవారు ఉన్నారు. మీరు పనిలో రోజూ వేసే లెక్క ఒకటి తీసుకోండి. కొలతలు, మందం, కోతలో పోయేది, మిగిలేది అన్నీ వరసగా నోటుపుస్తకంలో రాయండి. పక్కన బొమ్మ గీయండి. వచ్చే ఆదివారం స్టడీ సెంటరుకు వెళ్ళినప్పుడు దాన్ని మీ గణితం టీచరు ముందు పెట్టి, జవాబు చెప్పకుండా, ఆ లెక్క చేయమని అడగండి.