సీటును దించే ముందు

యంత్రవిద్య నేర్చే విద్యార్థికి చేతిపని పట్ల మక్కువ ఉండటం శుభలక్షణం. ఒక వస్తువును విప్పి, దాని మర్మాన్ని గ్రహించి, తన అవసరానికి అనుగుణంగా మార్చుకోగలవానిలోనే రేపటి ఇంజనీరు దాగి ఉంటాడు. అయితే ఒక వస్తువు "అమరింది" అనటానికీ, "ఆగుతుంది" అనటానికీ నడుమ ఎంతో అంతరం ఉన్నది. ఆ అంతరాన్ని గుర్తించని నేర్పు ప్రాణాంతకం కాగలదని మా అభిప్రాయం. దీనిని స్పష్టం చేయటానికి ఒక చిన్న ఉదాహరణను ఎన్నుకున్నాము. అది, స్పోర్ట్స్ కారులో సీటును కిందికి దించటానికి ఇంటివద్దనే తయారు చేసుకొనే బ్రాకెట్ల విషయం.

జపాను దేశపు మాజ్డా సంస్థ 1989లో ఎం.ఎక్స్.-5 అనే రెండు సీట్ల కారును విడుదల చేసింది. అది చిన్నది, తేలికైనది, పైకప్పును మడిచివేయదగినది. అమెరికాలోను, బ్రిటన్‌లోను దానిని పందెపు బాటపై నడిపి ఆనందించే ఔత్సాహికులు అనేకులు. వారిలో పొడగరులకు ఒక చిక్కు వచ్చిపడుతుంది. కూర్చుంటేనే తల పైకప్పును తాకబోతుంది. హెల్మెట్ ధరిస్తే ఆ ఎత్తు మరికొంత పెరుగుతుంది. కారు బోల్తాపడినప్పుడు తలను కాపాడటానికి వెనుక రోల్ బార్ అనే ఉక్కు కమానును అమర్చుకుంటారు. తల దానికంటె ఎత్తున ఉంటే ఆ కమాను ఉండీ లేనట్లే. విద్యార్థుల ఫార్ములా ఎస్.ఏ.ఈ. పోటీల నిబంధనలు కూడ, ముందు వెనుక కమానుల శిఖరాలను కలిపే సరళరేఖకు హెల్మెట్ కనీసం 50 మిల్లీమీటర్లు ఎడంగా, దిగువన ఉండాలని శాసిస్తున్నాయి. కనుక సీటును దించాలనే కోరిక విలాసం కాదు. అది భద్రత కోసం పుట్టినదే. చిక్కంతా దించే పద్ధతిలో ఉన్నది.

కొందరు సీటులోని స్పంజిని కొంత కోసి తీసి సరిపెట్టుకుంటారు. అది చాలనివారు, సీటును ముందు వెనుకలకు జరిపే పట్టాలను తొలగించి, చేతికి దొరికిన ఇనుప యాంగిల్ ముక్కలకు రంధ్రాలు చేసి, సీటును కారు అడుగు రేకుకు బిగిస్తారు. చేతితో ఊపి చూస్తారు. కదలదు. "భేషుగ్గా ఉన్నది" అంటారు. కాని చేతి ఊపు పరీక్ష అవుతుందా?

ఒక చిన్న లెక్క చూద్దాము. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనినో ఢీకొని 60 సెంటీమీటర్ల దూరంలో నిలిచిపోయిందనుకుందాము. ఆ క్షణంలో అందులోని ప్రతి వస్తువు తన బరువుకు సుమారు 16 రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. 75 కిలోల మనిషి, 15 కిలోల సీటు కలిసి దాదాపు ఒకటిన్నర టన్నుల బలం అవుతుంది. అందులో ఎంత భాగం సీటు బోల్టులపై పడుతుందనేది బెల్టును ఎక్కడ బిగించారనే దానిని బట్టి ఉంటుంది. అనేక కార్లలో బెల్టు కొక్కెం సీటుకే అమర్చబడి ఉంటుంది. అప్పుడు మనిషి భారంలో కొంత సీటు పాదాలే మోయాలి. అందుకే అమెరికా దేశపు 207వ భద్రతా ప్రమాణం, సీటు తన బరువుకు 20 రెట్ల బలాన్ని తట్టుకోవాలనీ, బెల్టు దానికే కట్టి ఉంటే ఆ బెల్టు భారాన్ని కూడ అదే సమయంలో మోయాలనీ విధించింది.

ఇక్కడ మరొక విశేషం ఉన్నది. 8.8 తరగతికి చెందిన 8 మిల్లీమీటర్ల బోల్టు ఒక్కటే రెండు టన్నులకు పైగా లాగుడును తాళగలదు. బోల్టు గట్టిదే, దానిని పట్టి ఉంచే అడుగు రేకు పలుచనిది. బోల్టు తెగదు, రేకు చిరిగి బోల్టు తలతో సహా ఊడి వస్తుంది. అందుచేతనే అంతర్జాతీయ మోటారు పందేల సమాఖ్య నియమావళి సీటు ఆధారాలను కనీసం నాలుగు చోట్ల 8 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించాలనీ, ప్రతి చోటా రేకుకు ఆవలి వైపున పలక వేయాలనీ, ఆ పలక, రేకు, ఆధారం కలిసే వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లకు తగ్గరాదనీ నిర్దేశించింది. ఆధారాలు, పలకలు ఉక్కువైతే 3, తేలిక లోహానివైతే 5 మిల్లీమీటర్ల మందం ఉండాలి.

అంతటితో పని ముగిసిందా? ముగియలేదు. సీటు దిగింది కాని బెల్టు కట్టిన స్థానాలు దిగలేదు. మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టును 1959లో స్వీడన్‌లో నిల్స్ బోలిన్ రూపొందించినది మొదలు దాని ధర్మం ఒక్కటే: భారాన్ని మెత్తని పొట్టపై కాక, గట్టి కటి ఎముకపైన, రొమ్ముపైన వేయటం. నడుము దిగినకొద్దీ నడుము బెల్టు వాలు తగ్గి, అది కటి ఎముకపై నుండి పొట్ట మీదికి జారే ప్రమాదం పెరుగుతుంది. ఢీకొన్నప్పుడు దేహం బెల్టు కిందుగా దూసుకుపోతుంది. కాపాడవలసిన బెల్టే పేగులను కోస్తుంది. కనుక సీటును దించినవాడు బెల్టు కోణాన్ని తిరిగి కొలవక తప్పదు. సీటు కింద ఎయిర్ బ్యాగ్ తీగలున్న కారైతే వాటి జోలికి తెలియక పోరాదు.

"మన ఉస్తాదులు ఏళ్ల తరబడి ఇట్లా బిగిస్తున్నారు, ఏమయింది?" అని కొందరు ప్రశ్నించవచ్చు. ఉస్తాదుల చేతి నేర్పు పట్ల మాకు అపారమైన గౌరవం ఉన్నది. కాని ప్రమాదం జరగకపోవటం పరీక్షలో నెగ్గినట్లు కాదు. పరీక్ష ఇంకా రానట్లు మాత్రమే. మరొకరి ప్రాణం మన చేతిలో పెట్టిన అమానత్ వంటిది. అమానత్‌కు లెక్క చెప్పవలసిన బాధ్యత పుచ్చుకున్నవానిదే.

మన దేశంలో చట్టం కూడ ఈ విషయంలో కఠినంగానే ఉన్నది. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చటాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల ధ్రువపరచింది. కనుక రహదారిపై తిరిగే కారులో ఇట్టి ప్రయోగాలు తగవు. వాటి స్థానం పోటీ బాట, అదీ నిర్వాహకుల తనిఖీ తరువాతనే. బాహా, సుప్రా వంటి పోటీలకు మన తెలుగునాట విద్యార్థులు కూడ తమ చేతులతో బండ్లను నిర్మిస్తున్నారు గనుక ఈ ప్రస్తావన మనకు దూరమైనది కాదు.

ఇంటి తయారీ అయినంత మాత్రాన దేనినీ నిందించరాదు. ఫ్యాక్టరీ వస్తువు వెనుక లెక్క ఉన్నది, విరగగొట్టి చూసిన నమూనా ఉన్నది, సంతకం చేసిన మనిషి ఉన్నాడు. ఇంటి వస్తువు వెనుక కూడ ఆ మూడూ ఉండాలన్నదే మా వాదం. కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఇది: వర్క్‌షాపులో మనిషి భారాన్ని మోసే ఏ భాగాన్నైనా చేసిన విద్యార్థి దాని లెక్కను కాగితంపై చూపాలి, రెండు చేసి, ఒకదానిని పరీక్షాయంత్రంపై విరిగేదాకా లాగి చూడాలి, దానిని చేయని మరొకరు తనిఖీ చేసి సంతకం పెట్టాలి. ఇందుకయ్యేది ఒక ఉక్కు ముక్క, ఒక పూట శ్రమ.

విద్యార్థి సోదర సోదరీమణులారా! సీటును ఎంత కావాలంటే అంత దించండి. కాని దానిని బిగించిన తరువాత, "ఇందులో మా తమ్ముడిని కూర్చోబెట్టగలనా?" అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. తడబడకుండా సమాధానం వచ్చిన నాడే ఆ పని పూర్తయినట్లు.