కొలత తెలిస్తేనే వాటా అడగగలం

మన తాతల కాలంలో కూలి గింజల్లో కొలిచేవారు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. అంటే కుంచానికి ఎనిమిది తవ్వలు. బడి ముఖం చూడని తాతలకు కూడా ఈ లెక్క నోటికి వచ్చు. రాకపోతే కళ్ళం దగ్గర కూలి తగ్గినా తెలిసేది కాదు మరి!

ఇప్పుడు మనం చదువుకుంటున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేమే. అయినా హాస్టల్లో నెట్ సంగతి వచ్చేసరికి "స్లోగా ఉంది సార్" అనే ఒక్క మాట తప్ప మన నోట ఇంకేమీ రాదు. ఎంత స్లో? ఎంత రావాలి? ఎంత వస్తోంది? అంకె లేని ఫిర్యాదును ఎవరైనా తేలిగ్గా తోసిపారేస్తారు. అందుకే నెట్ వేగాన్ని కొలిచే లెక్క హాస్టల్ విద్యార్థి ప్రతి ఒక్కరికీ రావాలని మా అభిప్రాయం.

లెక్క పెద్దదేమీ కాదు. కంప్యూటర్ కొలతల్లో అన్నిటికంటే చిన్నది బిట్. అది సున్నా గానీ ఒకటి గానీ అవుతుంది. క్లాడ్ షానన్ 1948లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ మాట వాడారు, దాన్ని సూచించింది జాన్ టూకీ అని అందులోనే చెప్పారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. బైట్ అనే పేరు 1956లో ఐబీఎంలో పనిచేస్తున్న వెర్నర్ బుక్‌హోల్జ్ పెట్టారు. బిట్‌తో పొరబడకూడదని దాని స్పెల్లింగులో ఒక అక్షరం మార్చి మరీ పెట్టారు. అంత జాగ్రత్త పడినా జనం నేటికీ ఆ రెంటినీ కలిపేస్తూనే ఉన్నారు.

నెట్ కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. ప్రకటనలో కనిపించే ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని అర్థం. ఫైలు సైజు మాత్రం బైట్లలో ఉంటుంది. వీడియో 300 ఎంబీ అంటే 300 మెగాబైట్లు. ఇంగ్లీషులో రాసేటప్పుడు బిట్‌కు చిన్న బి, బైట్‌కు పెద్ద బి వేస్తారు. చూపుకు ఒక్క అక్షరం తేడా, విలువలో ఎనిమిది రెట్ల తేడా. కాబట్టి కంపెనీ చెప్పిన అంకెను 8తో భాగించాలి. 40 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు వచ్చేది 5 మెగాబైట్లే. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం చెప్పిన కనీస వేగం 256 కేబీపీఎస్, అంటే సెకనుకు 32 కిలోబైట్లు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. 40 అని చెప్పి 5 ఇస్తున్నారని కంపెనీ వాళ్ళతో గొడవకు దిగితే నవ్వులపాలయ్యేది మనమే. 40 మెగాబిట్లన్నా 5 మెగాబైట్లన్నా ఒకటే. అలాగే కిలో అంటే 1000 అని కొందరు, 1024 అని కొందరు లెక్కిస్తారు. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో 1024 లెక్కకు కిబి, మెబి అని వేరే పేర్లు పెట్టారు. కానీ మెగా దగ్గర ఆ తేడా నూటికి అయిదు కూడా ఉండదు. ఎనిమిది రెట్ల తేడాను మరిచి అయిదు శాతం దగ్గర కొట్లాడితే లాభం లేదు.

అసలు కొట్లాడవలసింది వాటా దగ్గర. ఒక హాస్టల్లో 40 ఎంబీపీఎస్ లైను ఉందనుకుందాం. ఒక్కడే వాడితే 300 మెగాబైట్ల పాఠం ఒక్క నిమిషంలో దిగుతుంది. రాత్రి తొమ్మిదికి 50 మంది ఒకేసారి కూర్చుంటే? 5 మెగాబైట్లను 50 మంది పంచుకోవాలి. ఒక్కొక్కరికి సెకనుకు 100 కిలోబైట్లు. అదే పాఠానికి 50 నిమిషాలు! లైనులో నష్టాలు కలిస్తే ఇంకా ఎక్కువే. దరఖాస్తుకు ఆఖరి తేదీ రాత్రి కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా అప్‌లోడ్ కాక పైటు తిరుగుతూ ఉంటే పోయేది ఒక ఏడాది చదువు.

2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అది ఒక్కో చందాదారుకు. ఈ మాటలోనే మెలిక ఉంది. కాగితం మీద హాస్టల్ అంతా కలిసి ఒక్క చందాదారు. పై లెక్కలో ఒక్కో విద్యార్థికి అందేది 0.8 ఎంబీపీఎస్, కనీసంలో సగం కూడా కాదు. అయినా నిబంధన తప్పినట్టు కాదు. తలకు 2 అందాలంటే ఆ 50 మందికి 100 ఎంబీపీఎస్ కావాలి. బియ్యం తలకు ఇన్ని గ్రాములని లెక్క కడతారు కదా, నెట్ మాత్రం భవనానికి ఒకటి అని ఎందుకు లెక్క కట్టాలి?

"అందరి దగ్గరా ఫోన్లున్నాయి, వాటిలో డేటా ఉంది, హాస్టల్ నెట్ ఎందుకు?" అనేవారున్నారు. రోజుకు 1.5 జీబీ అంటే 300 మెగాబైట్ల పాఠాలు అయిదు. దాంతోనే ఆ రోజు డేటా సరి. ఆ రీఛార్జి డబ్బు కూలికి వెళ్ళే అమ్మానాన్నల చేతుల్లోంచి వస్తుంది. ఉచిత వసతి అని చెప్పి చదువు ఖర్చును వాళ్ళ మీదే వేయడం న్యాయం కాదు.

తమ్ముళ్ళూ, బియ్యం బస్తా దిగినప్పుడు మెస్ కమిటీ కాటా దగ్గర నిలబడుతుంది. నెట్‌కూ అలాగే నిలబడండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో ఒక వారం రోజులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలు రెండూ కొలిచి నోటుబుక్కులో రాయండి. ఆ సమయానికి ఎంతమంది వాడుతున్నారో పక్కన వేయండి. తలకు ఎంత వచ్చిందో కట్టి, అందరూ సంతకాలు చేసి వార్డెన్ సారుకు ఇవ్వండి. పైఅధికారులను అడగడానికి ఆయనకూ ఆ అంకెలే ఆధారం. మెనూ బోర్డు పక్కనే "లైను ఇంత, తలకు ఇంత" అని రాయించండి. పూర్వ విద్యార్థులుగా ఆ లెక్కలు సరిచూసి, మీ వెంట ఆఫీసుకు రావడానికి మేము సిద్ధం.